కీర్తన 37:25 చూపించి పేదవాళ్లకి విశ్వాసం తక్కువ అనొచ్చా?

జాలరిపేట_అమ్మాయి:
అందరికీ వందనాలు. మాది వైజాగ్. మొన్న ఒక మీటింగ్‌లో ప్రసంగికుడు 37వ కీర్తన తీసి, నీతిమంతుల పిల్లలు అడుక్కోవడం దావీదు ఎప్పుడూ చూడలేదట, కాబట్టి ఇంట్లో లేమి ఉందంటే విశ్వాసంలో ఎక్కడో లోటున్నట్టే అని చెప్పేశారు. నా పక్కనే మా పిన్ని కూర్చుంది. ఏప్రిల్ 15 నుంచి 61 రోజులు వేట నిషేధం కదా, బోటు కదలదు, బాబాయికి పని ఉండదు, ఆ రెండు నెలలూ అప్పు మీదే ఇల్లు గడుస్తుంది, అయినా తెల్లారుజామున ప్రార్థన మాత్రం మానదు. ఆ మాట వినగానే తల దించేసుకుంది, నాకు చాలా బాధేసింది. కీర్తనల్లో నిజంగా అలాగే ఉందా? బాగా చదివినవాళ్లు చెప్పండి ప్లీజ్.

మధురవాడ_మాస్టారు:
లేదమ్మా. అదే కీర్తనలో 14వ వచనం చూడు, దీనుల్ని, దరిద్రుల్ని పడగొట్టడానికి దుష్టులు కత్తి దూశారు, విల్లు ఎక్కుపెట్టారు అని ఉంటుంది. అంటే ఆ కవికి పేదలు కళ్ల ముందే ఉన్నారు, తప్పెవరిదో కూడా చెప్తున్నాడు. 16లో నీతిమంతుడికి ఉన్నది కొంచెమేనని ఒప్పుకుంటాడు. హీబ్రూలో ఇది అక్షరమాల వరసలో కట్టిన కీర్తన, మన శతకాల్లాగా ఒక పెద్దాయన కుర్రాళ్లకి చెప్పే బుద్ధులు, చెడ్డవాళ్లు బాగుపడుతున్నారని కుళ్లుకోకు, గడ్డిలా ఎండిపోతారు అన్నదే అసలు సంగతి. 10వ కీర్తన ఇంకా సూటిగా ఉంటుంది. అక్కడ దుష్టుడు పల్లెల్లో మాటు వేసి, సింహంలా పొంచి, పేదవాణ్ని వల్లో లాక్కుపోతుంటాడు, కవి ఏకంగా దేవుణ్నే నిలదీస్తాడు, ఎందుకు దూరంగా నిలబడ్డావు, కష్టకాలంలో ఎందుకు దాక్కున్నావు అని. పేదవాడి నమ్మకం గురించి ఒక్క ప్రశ్న కూడా వెయ్యడు.

కంచరపాలెం_అక్క:
మాస్టారూ కరెక్టే గానీ 25ని పక్కన పెట్టేయకండి. బియ్యం నిండుకున్న రోజుల్లో మా అమ్మ ఆ వచనమే చదువుకునేది, అదే ఆవిడ ధైర్యం. కాకపోతే తనకోసం చదువుకుంది, పక్కింటావిడ భక్తిని కొలవడానికి కాదు. ఇంకోటి, దాని కిందే 26 ఉంది, నీతిమంతులు దయతో ఎప్పుడూ అప్పిస్తూ ఉంటారని. పిల్లలు అడుక్కోలేదంటే ఇచ్చే చేతులు కూడా ఊళ్లో ఉన్నట్టే కదా, మాకు అలాగే జరిగింది, పక్కవాళ్లు గిన్నెడు బియ్యం పోసేవాళ్లు. ఆ ప్రసంగికుడు 26 కూడా చదివి ఉంటే చందా పట్టి మీ పిన్నికే ఇప్పించాల్సి వచ్చేది.

జాలరిపేట_అమ్మాయి:
థాంక్యూ అక్కా, థాంక్యూ సార్. పిన్నికి చదివి వినిపించడానికి ఒక్క వచనం చెప్పండి.

గాజువాక_రీడర్:
109:31 వినిపించండి సిస్టర్. దరిద్రుడికి శిక్ష వెయ్యాలని చూసేవాళ్ల నుంచి కాపాడటానికి దేవుడు వాడి కుడిపక్కన నిలబడతాడని ఉంటుంది, మీ పిన్నికి జరిగింది అదేగా. మీటింగ్ పెట్టినవాళ్లకి మాత్రం 15వ కీర్తన చూపించండి. దేవుడి గుడారంలో ఉండదగినవాడు ఎవరంటే డబ్బు వడ్డీకి ఇవ్వనివాడు అని. నిర్గమకాండం 22లో ఇంకా వివరంగా ఉంది, పేదవాడి బట్ట తాకట్టు పెట్టుకుంటే పొద్దు గూకేలోపు తిరిగిచ్చెయ్యాలి, రాత్రి ఒంటి మీద కప్పుకోడానికి వాడికి అదొక్కటే ఉంది, వాడు మొరపెడితే నేను వింటాను అంటాడు దేవుడు. నిషేధం టైంలో నూటికి పది వడ్డీకి తిప్పేవాళ్లు మన సంఘాల్లో లేరా? ముందు వాళ్ల విశ్వాసం గురించి ప్రసంగం చెప్పమనండి.