2014 ఫిబ్రవరి 20 నాటి రాజ్యసభ రికార్డుల విషయంలో సాయం కావాలి

అందరికీ నమస్కారం. ఆంధ్రప్రదేశ్ పునర్విభజన బిల్లు రాజ్యసభలో పాసైన రోజు గురించి ఒక వ్యాసం రాస్తూ మధ్యలో ఆగిపోయాను.

బిల్లును లోక్‌సభ 18నే ఆమోదించింది. రాజ్యసభ ఒక్క సవరణ చేసినా అది మళ్ళీ లోక్‌సభకు వెళ్ళాలి. 15వ లోక్‌సభ చివరి సమావేశాలేమో 21తో అయిపోతున్నాయి. అందుకే కాబోలు, ప్రత్యేక హోదా బిల్లులోకి ఎక్కలేదు. ప్రధాని మన్మోహన్ సింగ్ అయిదేళ్ళు ఇస్తామని సభలో ప్రకటించారు, వెంకయ్య నాయుడు గారు పదేళ్ళు కావాలన్నారు. ఇదంతా అందరికీ తెలిసిందే.

నా సందేహం ఏమిటంటే, ఇలా నోటిమాటగా ఇచ్చిన హామీని రాజ్యసభలోని ప్రభుత్వ హామీల కమిటీ పరిశీలనకు తీసుకుందా? తీసుకుంటే ఆ నివేదిక ఎక్కడ వెతకాలి?

ఇంకోటి. సవరణలు మూజువాణి ఓటుతో వీగిపోయాయి. డివిజన్ (అంటే సభ్యుల ఓట్లను విడివిడిగా నమోదు చేసి లెక్కించడం) జరగకపోతే ఎవరు ఎటు ఓటేశారో పేర్లు ఉండవు, అది సరే. కనీసం ఏ సవరణ ఎవరు ప్రతిపాదించారో రాజ్యసభ బులెటిన్ మొదటి భాగంలో (ఆ రోజు సభలో జరిగినదాని సంక్షిప్త రికార్డు) దొరుకుతుందా, లేక పూర్తి చర్చల ప్రతే చదవాలా? నా దగ్గరున్న కాపీలో ఎక్కడ చూసినా 'అంతరాయాలు' అన్న మాటే, తల తిరిగిపోతోంది.

పార్లమెంటు రికార్డులు వెతికిన అలవాటున్నవాళ్ళు ఎవరైనా చెప్పండి ప్లీజ్. వచ్చే వారం వ్యాసం ఇవ్వాలి, టెన్షన్‌గా ఉంది.