స్టోనీహర్స్ట్ బడి పుట్టింది 1593లోనా, 1794లోనా? పాత జెస్యూట్ బళ్ల తరగతులు, జట్లు, శిక్షలు

నల్లబల్ల (ప్రశ్న)

నమస్కారమండీ. ఇంగ్లండులో లాంకషైర్ ప్రాంతంలో ఉన్న స్టోనీహర్స్ట్ కాలేజీ మీద మా బడి వార్షిక సంచికకు వ్యాసం సిద్ధం చేస్తున్నాను. పేరుకు కాలేజీయే గానీ అది హైస్కూలనీ, చాలాకాలం మగపిల్లలకే ఉన్న క్యాథలిక్ బడి అనీ, నడిపింది యేసు సభ (జెస్యూట్) గురువులనీ తెలిసింది. నాలుగు చోట్ల ఆగిపోయాను.

స్థాపన ఒకచోట 1593 అని, ఇంకోచోట 1794 అని ఉంది. ఏది వేయాలి? తరగతులకు అంకెలు లేకుండా రూడిమెంట్స్, గ్రామర్, సింటాక్స్, పోయెట్రీ, రెటొరిక్ అని పేర్లెందుకు? పాత జెస్యూట్ బళ్లలో తరగతిని రోమ్ జట్టు, కార్తేజ్ జట్టు అని రెండుగా చీల్చేవారట. ఆ జట్లతో చేయించే పనేమిటి, నలభైమంది ఉన్న ఎనిమిదో తరగతిలో ఇప్పుడు చేయించవచ్చా? ఇక దెబ్బల సంగతి కూడా చెప్పండి, దాన్ని దాటేసి రాయడం నాకు ఇష్టం లేదు.

తాళపత్రం

రెండు సంవత్సరాలూ సరైనవే. బడి పుట్టింది 1593లో, ఇప్పుడున్న చోటికి వచ్చింది 1794లో.

ఎలిజబెత్ రాణి కాలంలో ఇంగ్లండులో క్యాథలిక్ బడి నడపడం నేరం. అందుకని రాబర్ట్ పర్సన్స్ అనే యేసు సభ గురువు సముద్రానికి అవతల సెయింట్ ఓమర్ పట్టణంలో ఇంగ్లీషు పిల్లల కోసం బడి తెరిచారు. ఆ ఊరు ఇప్పుడు ఫ్రాన్సులో ఉంది గానీ అప్పట్లో స్పెయిన్ ఏలుబడిలో ఉండేది. స్పెయిన్ రాజు రెండో ఫిలిప్ అండగా నిలిచాడు. 1762 నాటికి ఊరు ఫ్రాన్సు చేతికి వచ్చింది, ఫ్రాన్సులో జెస్యూట్ల బళ్లు మూయించారు. పిల్లలు షికారుకు వెళ్తున్నట్టు జట్లుజట్లుగా బయటపడి బ్రూజ్ నగరం చేరారు. 1773లో పోపు పద్నాలుగో క్లెమెంట్ యేసు సభనే రద్దు చేశాడు, బ్రూజ్‌లోనూ తలుపులు మూతపడ్డాయి. అక్కడినుంచి లియేజ్ నగరానికి మారి, అక్కడి బిషప్పు నీడలో బడి సాగింది. 1794లో ఫ్రెంచి విప్లవ సేనలు అటువైపు వస్తుంటే ఇంగ్లండుకే తిరిగొచ్చారు. ఆ రాక సాధ్యమైంది 1791 చట్టం వల్ల. క్యాథలిక్కుల మీద ఆంక్షలు అప్పటికే సడలాయి. స్టోనీహర్స్ట్ భవనాన్ని ఇచ్చింది థామస్ వెల్డ్, ఆ బడిలోనే చదివిన పాత విద్యార్థి.

రాసేటప్పుడు మూడు చోట్ల జాగ్రత్త పడండి. ఒకటి, ఆ భవనాన్ని సర్ రిచర్డ్ షైర్‌బర్న్ 1592లో కట్టడం మొదలుపెట్టాడు. 1592, 1593 పక్కపక్కన కనిపించేసరికి భవనం బడి కోసమే కట్టారనుకుంటారు. అది ఆ కుటుంబం నివాసం, అంతే. బడి నినాదం 'కాంత్ జ ప్వీ' (నా చేతనైనంత) కూడా ఆ కుటుంబానిదే, జెస్యూట్లది కాదు.

రెండు, 1794లో అక్కడికి వచ్చినవారిని 'మాజీ జెస్యూట్లు' అని రాయాలి, ఎందుకంటే అప్పటికి సభ రద్దయి ఉంది. రష్యాలో మాత్రం రద్దు ఉత్తర్వు అమలు కాలేదు. ఇంగ్లండు గురువులు 1803లో ఆ రష్యా శాఖలో చేరారు. లోకమంతటా సభ మళ్లీ నిలబడింది 1814లో.

మూడు, బడిలో చదివినవారి జాబితా వేస్తే కాలాన్ని బట్టి ఊరు మారుతుంది. అమెరికా స్వాతంత్ర్య ప్రకటన మీద సంతకం చేసిన చార్లెస్ కారల్ చదివింది సెయింట్ ఓమర్‌లో. షెర్లాక్ హోమ్స్ కథల రచయిత ఆర్థర్ కానన్ డాయిల్ చదివింది స్టోనీహర్స్ట్‌లో, 1868 నుంచి 1875 దాకా. ఇద్దరినీ 'స్టోనీహర్స్ట్ విద్యార్థులు' అని ఒకే వరసలో వేస్తే కారల్ విషయంలో తప్పవుతుంది.

ప్రతిపదార్థం

తరగతుల పేర్లు 1599లో జెస్యూట్ అధిపతి క్లాడియో అక్వవీవా జారీచేసిన 'రాత్సియో స్టుదియోరుమ్' అనే బోధనా నియమావళిలోంచి పెరిగాయి. అందులో కింది బడికి ఐదు మెట్లు: మూడు వ్యాకరణ తరగతులు, ఆ పైన హ్యుమానిటీస్ (సాహిత్యం), ఆ పైన రెటొరిక్. స్టోనీహర్స్ట్‌లో డాయిల్ నాటికి ఏడయ్యాయి: ఎలిమెంట్స్, ఫిగర్స్, రూడిమెంట్స్, గ్రామర్, సింటాక్స్, పోయెట్రీ, రెటొరిక్. మొదటి రెండూ పక్కనే ఉన్న హాడర్ అనే చిన్నబడిలో. ఇప్పటికీ పేర్లు పోలేదు. పదమూడో ఏడు రెటొరిక్, పన్నెండు పోయెట్రీ, పదకొండు సింటాక్స్, పది గ్రామర్, తొమ్మిది లోయర్ గ్రామర్.

ఆ పేరు వయసును చెప్పదు, పిల్లవాడికి చేతనైన పనిని చెబుతుంది. సింటాక్స్ అంటే లాటిన్ వాక్య నిర్మాణం పట్టుబడే చోటు. పోయెట్రీ అంటే పద్యం చదివి, పద్యం రాయగలిగే చోటు. రెటొరిక్ అంటే నిలబడి ప్రసంగించగలిగే చోటు. మామూలుగా ఏడాదికో మెట్టు. బాగా ముందున్నవాణ్ణి ఏడాది మధ్యలోనైనా పైకి పంపొచ్చని నియమావళిలోనే ఉంది.

పైకి పంపే పరీక్ష తీరు తప్పకుండా వ్యాసంలో పెట్టండి. ముందు తరగతిలో కూర్చోబెట్టి రాయిస్తారు. తరవాత ముగ్గురు పరీక్షకుల ముందు పిల్లవాడి కాగితాన్ని వాడి చేతికే ఇస్తారు. ఎక్కడ తప్పిందో వాడే పట్టుకోవాలి, దిద్దాలి, ఏ సూత్రం తప్పాడో పేరుపెట్టి చెప్పాలి. ఆపైన సొంత భాషలోంచి లాటిన్‌లోకి మార్చమంటారు. ఈ పరీక్షలో కంఠతా పట్టినవాడు దొరికిపోతాడు, అర్థమైనవాడు గట్టెక్కుతాడు.

పాఠం చెప్పే పద్ధతి మన ప్రతిపదార్థ తాత్పర్యాలకు దగ్గరే, వరస మాత్రం తలకిందులు. మనం పద్యం చదివి, పదం విడగొట్టి, అర్థం చెప్పి, చివర తాత్పర్యానికి వస్తాం. వాళ్లు భాగమంతా ఒకసారి చదివాక, ముందుగా తాత్పర్యమూ వెనకటి పాఠంతో సంబంధమూ చెబుతారు. ఆ తరవాత ఒక్కో వాక్యం విప్పుతారు. చివర మళ్లీ మొదటికొచ్చి, ఆ తరగతికి తగిన వ్యాకరణ విశేషాలు చూపిస్తారు. కొలత కూడా కట్టుదిట్టం. అట్టడుగు వ్యాకరణ తరగతిలో సిసిరో అనే పాత రోమన్ రచయిత పాఠం రోజుకు నాలుగు పంక్తులు మించకూడదు, మధ్య తరగతిలో ఏడు. మర్నాడు పొద్దున అదంతా అప్పజెప్పాలి, శనివారం వారం పాఠమంతా మళ్లీ. పొద్దున రెండున్నర గంటలు, మధ్యాహ్నం రెండున్నర గంటలు బడి. నాలుగు పంక్తులకు అంత సమయమా అని ఆశ్చర్యపోతారు గానీ, ఆ సమయం ఎక్కువగా పిల్లల నోటికీ చేతికీ పోతుంది, పంతులు నోటికి కాదు.

గంటస్తంభం

జట్ల సంగతి నేను చెబుతాను. దీనికి లాటిన్ పేరు 'కొంచెర్తాత్సియో', పోటీ చర్చ అనుకోండి. రోమ్, కార్తేజ్ అనేవి (ప్రాచీన కాలపు శత్రు నగరాలు) వాడుకలో స్థిరపడిన పేర్లు. నియమావళిలో ఉన్నది తరగతిని రెండు పక్షాలుగా చేయమని, ఒక్కో పిల్లవాడికి అవతలి పక్షంలో ఒక జోడీ ప్రత్యర్థిని కట్టమని.

పక్షానికి పదవులుంటాయి. వాటికి నెలకోసారి, లేదా రెండు నెలలకోసారి ఎన్నిక. పదవి వచ్చేది లాటిన్ రాతలో చూపిన ప్రతిభతో. వీళ్ల కింద 'దెకూరియో'లు, అంటే పదిమందికి ఒకడు. పాఠం మొదలవకముందే ఇతడు తన పదిమంది చేతా అప్పజెప్పించుకుంటాడు, రాతపని పోగుచేస్తాడు, ఎవడు ఎన్నిసార్లు తడబడ్డాడో పుస్తకంలో గుర్తుపెట్టి పంతులికి ఇస్తాడు. మన వీధిబళ్లలో పెద్ద పిల్లలు చిన్నవాళ్లకు చెప్పినట్టే. తేడా ఒక్కటే, ఇక్కడ ఆ చెప్పేవాడికీ లెక్క రాసి ఉంటుంది.

పోటీ రెండు రకాలు. పంతులు ఒకణ్ణి అడుగుతాడు, వాడు తప్పితే జోడీవాడు దిద్దుతాడు. లేకపోతే జోడీలే ఒకరినొకరు అడుగుకుంటారు. మామూలువాడు పదవిలో ఉన్నవాణ్ణి సవాలు చేసి గెలిస్తే ఆ పదవి వాడిదే.

మీ ఎనిమిదో తరగతికి ఇలా చేయండి. ఒక పరీక్ష పెట్టి నలభైమందినీ మార్కుల వరసన నిలబెట్టండి. ఒకటి-రెండు జోడీ, మూడు-నాలుగు జోడీ, ఇలా ఇరవై జోడీలు. మొదటి జోడీలో మొదటివాడు రోమ్, రెండో జోడీలో మొదటివాడు కార్తేజ్, మూడో జోడీలో మళ్లీ రోమ్. మార్చిమార్చి వేయకపోతే ముందున్నవాళ్లంతా ఒకే పక్షానికి పోతారు. పక్షానికి ఇద్దరు దెకూరియోలు. వారానికి రెండుసార్లు, పీరియడ్ చివర పదిహేను నిమిషాలు చాలు. ఒక్కో జోడీకి మూడు ప్రశ్నలు పెడితే ఒక విడతలో ఏడెనిమిది జోడీలు పూర్తవుతాయి. మిగతావాళ్ల వంతు వచ్చే విడతకి.

చెడేది ఎక్కువగా జోడీ దగ్గరే. ఇద్దరి మధ్య దూరం ఎక్కువైతే బలహీనుడు రెండో వారానికే నోరు మూస్తాడు, బలవంతుడు చదవడం మానేస్తాడు. అందుకే నెలకోసారి జోడీలు తిరగకట్టాలి. ఎన్నికైన పదవులకు గడువు పెట్టడం వెనకా ఇదే. ఇంకో పొరపాటు, దెకూరియో రాసిన గుర్తులను మార్కుల్లో కలపడం. కలిపిన రోజునుంచి స్నేహితుడి తడబాటు పుస్తకంలోకి ఎక్కదు. ఆ పుస్తకం పంతులు ఎవర్ని ముందు అడగాలో తెలుసుకోవడానికి మాత్రమే ఉంచండి.

నల్లబల్ల

చాలా ఉపయోగం అండీ. మగపిల్లల బడిలో నాటకాలు వేసేవారు కదా, ఆడపాత్రలు ఎవరు వేసేవారు?

తాళపత్రం

నియమావళి ప్రకారం ఆడపాత్రే ఉండకూడదు, ఆడవేషమూ కూడదు. నాటకం లాటిన్‌లో, అదీ అరుదుగా. ఆచరణలో సడలింపులు ఉండేవి గానీ, ఆ కట్టడి ఎలా పనిచేసిందో చూపే ఒక పుస్తకం 2014లో బయటపడింది. సెయింట్ ఓమర్ ఊరి గ్రంథాలయంలో షేక్‌స్పియర్ నాటకాల 1623 నాటి తొలి సంపుటి దొరికింది. మొదటి పుటలు లేవు, లోపల 'నెవిల్' అన్న పేరుంది. పాత జెస్యూట్ బడి పుస్తకాల్లోంచే అక్కడికి చేరిందని పండితుల అంచనా. అందులో నాలుగో హెన్రీ నాటకం దగ్గర కలంతో దిద్దుబాట్లున్నాయి. సత్రం యజమానురాలు అన్నచోట యజమాని అయింది, పడుచు అన్నచోట మగవాడు అయ్యాడు. రంగస్థలం కోసమే మార్చినట్టు కనిపిస్తుంది. మీ వ్యాసానికి ఇంతకంటే మంచి బొమ్మ దొరకదు.

మేడిబెత్తం

దెబ్బల సంగతి. నియమావళి ప్రకారం తరగతి గురువు పిల్లవాడి మీద చేయి చేసుకోకూడదు. కొట్టడానికి సభ బయటివాడైన 'కొరెక్టర్' వేరే ఉండాలి. ఉద్దేశం స్పష్టం: కోపం వచ్చినవాడి చేతిలో కర్ర ఉండకూడదు, శిక్షకీ చేతికీ మధ్య కాస్త కాలం గడవాలి. స్టోనీహర్స్ట్‌లో కొట్టినవారు బయటివారు కాకపోయినా, పంపేవారు ఒకరు, కొట్టేవారు ఇంకొకరు. సాధనం పేరు 'ఫెరులా', పిల్లల మాటలో 'టాలీ'. డాయిల్ తన జ్ఞాపకాల్లో దాని రూపం రాశారు: మందమైన బూటు అడుగంత రబ్బరు ముక్క. ఒక్కో చేతికి తొమ్మిది దెబ్బలు. ఆ తరవాత గది తలుపు పిడి తిప్పడానికి కూడా వేళ్లు వంగేవి కావట. పద్ధతిలో దూరం పాటించినంత మాత్రాన అది తేలికైన శిక్ష కాలేదు, వ్యాసంలో రెండూ రాయండి. ఇంగ్లండు ప్రైవేటు బళ్లలో శారీరక శిక్ష చట్టరీత్యా పూర్తిగా పోయింది 1999లో. అదే ఏడాది స్టోనీహర్స్ట్ ఆడపిల్లలను అన్ని తరగతుల్లోకీ తీసుకుంది.

పిల్లలు రాసే కాగితం గురించి ఒక మాట. పైన ఎ.ఎం.డి.జి. అని రాసి మొదలుపెట్టేవారు, అంటే 'దేవుని అధిక మహిమ కోసం'. చివర ఎల్.డి.ఎస్., 'దేవునికి ఎల్లప్పుడూ స్తోత్రం'. మొదటిది జెస్యూట్ సంస్థలన్నిటిదీ, విజయవాడ ఆంధ్రా లొయోలా కాలేజీ కూడా ఆ కుటుంబంలోదే. హైదరాబాదులో ఆల్ సెయింట్స్, లిటిల్ ఫ్లవర్ బళ్లను మాత్రం ఈ లెక్కలో వేయకండి. అవి మోంట్‌ఫోర్ట్ బ్రదర్స్ అనే వేరే క్యాథలిక్ సభవి. అక్కడ 'బ్రదర్' అని పిలిచేది వారు గురుపట్టం పొందినవారు కారు గనక. సంచికలో అలాంటి బడి ఫోటో కింద 'జెస్యూట్ ఫాదర్లు' అని పడితే, పాత విద్యార్థుల నుంచి మొదటి ఉత్తరం దాని గురించే వస్తుంది.