ఓటు ఎవరికి వేశామో ఇంట్లోవాళ్లకు చెప్పి తీరాలా?

కొత్త ఓటరు:
మా ఇంట్లో తాతగారి కాలం నుంచీ అందరూ ఒకే పార్టీకి ఓటు వేస్తున్నారు. ఈసారి నేను మొదటిసారి ఓటు వేశాను, కానీ ఆ పార్టీకి వేయలేదు. ఆ రాత్రి భోజనాల దగ్గర నాన్నగారు "మనవాళ్లకే వేశావు కదమ్మా?" అని అడిగితే "అవును నాన్నా" అన్నాను. నిజం చెప్పినా ఆయన నన్ను తిట్టేవారు కాదు, చదువు మాన్పించేవారు కాదు. ఆయన ముఖం చిన్నబోతుందేమోనన్న భయం తప్ప నా అబద్ధానికి వేరే కారణం లేదు. అందుకే అది మనసులోంచి పోవడం లేదు. ఓటు ఎవరికి వేశామో తల్లిదండ్రులకు చెప్పవలసిన బాధ్యత మనకు ఉందా? లేకపోతే, అడిగినప్పుడు అబద్ధం చెప్పడం తప్పా?

ఇద్దరు పిల్లల తండ్రి:
బాధ్యత ఉందనే నేను అంటాను. రహస్య ఓటు పుట్టింది యజమాని నుంచీ, భూస్వామి నుంచీ, డబ్బు పంచేవారి నుంచీ ఓటరును కాపాడటానికే గానీ, కన్నతండ్రి నుంచి కాదు. మా పెద్దవాడు నాకు నచ్చని అభ్యర్థికి ఓటు వేశానని చెప్పినప్పుడు రెండు రోజులు నాకు మనసు బాగోలేదన్నది నిజమే. అయినా వాడు చెప్పకపోయి ఉంటే, నాకు తెలియని మనిషితో ఒకే ఇంట్లో ఉంటూ, తెలిసిన మనిషితోనే ఉన్నానని భ్రమపడేవాణ్ణి. అమ్మా, మీరు మీ నాన్నగారిని బాధ నుంచి తప్పించామనుకుంటున్నారు. నిజానికి ఆ బాధను తట్టుకునే శక్తి ఆయనకు ఉందో లేదో చూపించే అవకాశమే ఆయనకు ఇవ్వలేదు.

శాంతి కోరేవాడు:
ఇల్లు ప్రశాంతంగా ఉండాలంటే రాజకీయాలను గుమ్మం బయటే వదిలిపెట్టాలి. అన్నదమ్ములు పార్టీల కోసం మాటలు మానేసిన కుటుంబాలను నేను దగ్గరగా చూశాను.

పాత పాఠకుడు:
శాంతి కోరేవారి అనుభవాన్ని కాదనను. కానీ మాట్లాడకపోవడం వల్ల నిలిచే శాంతిలో ఎవరో ఒకరి అభిప్రాయమే ఇంటి అభిప్రాయంగా చెలామణి అవుతూ ఉంటుంది. ఎక్కువగా అది ఇంటి పెద్దది.

తండ్రిగారు చెప్పిన చరిత్రలో సగమే ఉంది. ప్రభుత్వమే ముద్రించిన బ్యాలెట్ పత్రంపై రహస్యంగా గుర్తు పెట్టే పద్ధతి 1856లో ఆస్ట్రేలియాలోని విక్టోరియా, దక్షిణ ఆస్ట్రేలియా అనే బ్రిటిష్ వలస రాజ్యాల్లో మొదలైంది. బ్రిటన్ 1872లో చట్టం చేసింది. అంతకుముందు అక్కడ ఓటరు అందరి ముందూ నిలబడి అభ్యర్థి పేరు పైకి చెప్పవలసి వచ్చేది. భూస్వాములూ యజమానులూ చేసే బెదిరింపే ఆ మార్పుకు ప్రధాన కారణం, నిజమే. అయితే ఇంట్లో ఒత్తిడి ఆనాటి చర్చలో పెద్దగా వినిపించకపోవడానికి కారణం ఇంట్లో ఒత్తిడి లేకపోవడం కాదు. ఇంట్లో ఓటున్నవాడు సాధారణంగా ఇంటి పెద్ద ఒక్కడే కావడం.

ఈ మాటకు ఆధారంగా ఒక తండ్రీకొడుకుల కథ చెబుతాను. బ్రిటిష్ తత్వవేత్త జేమ్స్ మిల్ 1820లో ప్రభుత్వం గురించి రాసిన వ్యాసంలో, స్త్రీల ప్రయోజనాలు దాదాపు అన్నీ వారి తండ్రుల ప్రయోజనాల్లోనో భర్తల ప్రయోజనాల్లోనో కలిసే ఉంటాయి గనుక వారికి వేరే ఓటు అక్కర్లేదని వాదించాడు. ఆయన కొడుకు జాన్ స్టూవర్ట్ మిల్‌కు మూడో ఏట నుంచే గ్రీకు నేర్పి, బడికి పంపకుండా తానే చదువు చెప్పి, తన భావాలకు వారసుడిగా పెంచాడు. ఆ కొడుకే ఈ విషయంలో తండ్రితో విభేదించాడు. 1867లో బ్రిటిష్ పార్లమెంటులో స్త్రీలకు ఓటు హక్కు కోసం సవరణ ప్రతిపాదించి ఓడిపోయాడు.

మన చర్చకు ఇంకా దగ్గరి విషయం మరొకటి ఉంది. జేమ్స్ మిల్ రహస్య ఓటును గట్టిగా సమర్థించినవాడు, కొడుకు కూడా మొదట అదే మాట అన్నాడు. తర్వాత, ఓటు ప్రజల తరఫున చేసే బాధ్యత గనుక అది ప్రజల కళ్ల ముందే జరగాలని 1859 నాటికి అభిప్రాయం మార్చుకున్నాడు. ఈ మార్పు తనకంటే ముందు తన భార్య హ్యారియెట్ టేలర్‌లో వచ్చిందని స్వయంగా రాసుకున్నాడు. రహస్య ఓటు విషయంలో కొడుకుది పొరపాటనీ, తండ్రిదే ఒప్పనీ నా అభిప్రాయం. ఇంత శ్రద్ధగా ఆలోచించినవాడు కూడా తండ్రిని వదిలి వెళ్లినప్పుడల్లా సరైన చోటికే చేరలేదు. ఇంటి అభిప్రాయాన్ని దాటినంత మాత్రాన స్వతంత్రంగా ఆలోచించినట్టు కాదు. కొందరు తండ్రి ఏ వైపు ఉంటే దానికి ఎదురు వైపు నిలబడతారు, అప్పుడు కూడా వారి ఓటును నిర్ణయించేది తండ్రే.

సర్వేల విద్యార్థి:
కొన్ని ఆధారాలు చేరుస్తాను. అమెరికాలో 1965లో హైస్కూలు చివరి సంవత్సరం విద్యార్థులనూ వారి తల్లిదండ్రులనూ విడివిడిగా ప్రశ్నించిన జెన్నింగ్స్, నీమీ అనే రాజనీతి పరిశోధకుల అధ్యయనంలో, పార్టీ అభిమానం ఇద్దరిలోనూ చాలావరకు కలిసింది గానీ, ఒక్కో సమస్యపై అభిప్రాయాలు అంతగా కలవలేదు. అంటే ఇంటి నుంచి పిల్లలకు ఎక్కువగా వచ్చేది పార్టీ పేరే, ఆ పేరు వెనుక ఉన్న కారణాలు కావు. అదే దేశంలో 2015లో వెలువడిన మరో అధ్యయనం ప్రకారం, పిల్లల్లో సగానికి పైగా తల్లిదండ్రుల పార్టీ ఏదో పొరపాటుగా అనుకున్నారు, లేదా తెలిసీ దాన్ని స్వీకరించలేదు. కాబట్టి మీ కుటుంబం మూడు తరాలుగా ఒకే మాటపై ఉందన్నది కూడా భోజనాల దగ్గర విన్నదే తప్ప, బ్యాలెట్ పెట్టెలో చూసింది కాదు.

ఇంకొకటి. 1950లలో మనస్తత్వవేత్త సాలమన్ యాష్ చేసిన ప్రయోగాల్లో, ఇచ్చిన గీతతో సమానమైన పొడవున్న గీత ఏదో చెప్పమన్నారు. గదిలోని మిగతావారంతా ముందే కూడబలుక్కుని తప్పు గీతను చూపిస్తే, సరైనది కళ్లకు స్పష్టంగా కనిపిస్తున్నా దాదాపు మూడో వంతు సందర్భాల్లో పాల్గొన్నవారు ఆ తప్పు జవాబే ఇచ్చారు. జవాబును పైకి చెప్పకుండా కాగితంపై రాసుకోనిచ్చినప్పుడు ఈ లొంగుబాటు బాగా తగ్గింది. ఒక్కరు తోడుగా నిజం చెప్పినప్పుడూ తగ్గింది. అక్కడ ఉన్నవారు ముక్కూమొహం తెలియనివారు. రోజూ అన్నం పెట్టే చేతుల ముందు ఆ ఒత్తిడి ఎంత ఉంటుందో ఊహించండి.

ఇద్దరు పిల్లల తండ్రి:
యాష్ ప్రయోగం నన్ను ఆలోచనలో పడేసింది. అయితే అందులో నా వాదన కూడా ఉంది: ఒక్కరు నిజం చెబితే మిగతావారికి ధైర్యం వచ్చిందని మీరే అన్నారు. ఈ అమ్మాయి దాచుకుంటే, అదే ఇంట్లో ఆమె తమ్ముడికో చెల్లెలికో ఆ ధైర్యం ఎవరిస్తారు?

పాత పాఠకుడు:
మంచి ప్రశ్న. నేను రెండిటినీ వేరు చేస్తాను. ఎవరికి వేశావన్న ప్రశ్నకు జవాబు చెప్పాలో వద్దో నిర్ణయించే హక్కు పూర్తిగా ఆమెదే. "అది నా దగ్గరే ఉండనివ్వండి నాన్నా" అనడం అబద్ధమూ కాదు, అమర్యాదా కాదు. కానీ ధరల గురించో, చదువుల గురించో, ఒక నాయకుడి మాట తీరు గురించో ఆమె ఏమనుకుంటున్నదో ఇంట్లో చెప్పాలి, వాదన వినాలి, అవసరమైతే ఓడిపోవాలి కూడా. బూత్‌లో ఒంటరిగా నిలబడే ఆ నిమిషానికి ముందు ఇలాంటి వాదనలు జరగకపోతే, అక్కడ ఆమె దగ్గర ఉండేది విన్న పేర్లే. అబద్ధం విషయంలో మాత్రం తండ్రిగారితో నేను ఏకీభవిస్తాను, అది సరిదిద్దుకోవలసిందే.

కొత్త ఓటరు:
మీ మాటలు రెండు రోజులు చదువుకుని, నిన్న నాన్నగారికి నిజం చెప్పాను. ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత "మరి ఆ రోజు ఎందుకు చెప్పలేదు?" అన్నారు, ఓటు కంటే అబద్ధమే ఆయనను ఎక్కువ నొప్పించింది. నా కారణాలు మూడు చెప్పాను. ఒకదాన్ని ఆయన అక్కడికక్కడే ఖండించారు, నా దగ్గర జవాబు లేదు. ఇంకో కారణంపై ఈ ఉదయం కూడా వాదించుకున్నాం, తేలలేదు.

మా వాదన జరుగుతున్నంతసేపూ అమ్మ అక్కడే కూర్చుని వింటోంది. ఏ ఎన్నికలప్పుడైనా అమ్మ "మీ నాన్నగారు ఎటో నేనూ అటే" అంటుంది. నాకు జ్ఞానం వచ్చినప్పటి నుంచీ ఆ మాట నమ్ముతూ వచ్చాను. నిన్న ఆమెను అడగబోయి, ఆగిపోయాను.