ఢిల్లీ పోలీసు స్మారకం గోడ మీద మా బాబాయి పేరు ఎలా వెతకాలి?

అందరికీ నమస్కారం. మా బాబాయి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో కానిస్టేబుల్. 1990లలో డ్యూటీ మీద జీపులో వెళ్తుంటే మందుపాతర పేలి చనిపోయారు. ఆయన గుర్తుగా ఇంట్లో ఒక ట్రంకు పెట్టె ఉంది, మూత మీద తెల్ల పెయింటుతో పీసీ (పోలీస్ కానిస్టేబుల్) నంబరు. సగం చెరిగిపోయింది. నాన్నమ్మ దాన్ని తుడవనివ్వదు.

ఏటా అక్టోబరు 21న పోలీసు అమరవీరుల రోజు పరేడ్ టీవీలో వస్తే కదలకుండా చూస్తుంది. (1959లో లడఖ్‌లోని హాట్ స్ప్రింగ్స్ దగ్గర చైనా సైనికుల కాల్పుల్లో 10 మంది సీఆర్పీఎఫ్ జవాన్లు పోయిన రోజట అది. నాకీ మధ్యే తెలిసింది.) బాబాయి పేరు చదువుతారేమోనని నాన్నమ్మ ఆశ. పరేడ్‌లో చదివేది ఆ ఏడాది పోయినవాళ్ల పేర్లేనని ఎన్నిసార్లు చెప్పినా వినదు.

ఢిల్లీ చాణక్యపురిలో 2018లో ప్రారంభించిన జాతీయ పోలీసు స్మారకంలో గ్రానైట్ గోడ మీద 34 వేలకు పైగా పేర్లు ఉన్నాయి. డిసెంబరులో ఆవిణ్ణి తీసుకెళ్తున్నా. 81 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు, అంత గోడ ముందు నిలబెట్టి వెతకాలంటే టెన్షన్‌గా ఉంది.

పేర్లు రాష్ట్రాలవారీగా ఉంటాయా, సంవత్సరాలవారీగానా? పేరు ఉందో లేదో ముందే కనుక్కోవచ్చా? లేకపోతే చేర్చమని ఎవరికి అర్జీ పెట్టాలి? ఇక్కడ ఒక ఆఫీసుకి రెండుసార్లు వెళ్లా, జిల్లాలు మారాయి, పాత ఫైళ్లు దొరకవు అన్నారు. వెళ్లొచ్చినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి ప్లీజ్. వీల్‌చైర్ దొరుకుతుందా అనేది కూడా.