‘పని చేయగల సామర్థ్యమే శక్తి’: ఇందులో ‘గల’ ఉండాలా, అక్కరలేదా?

తిరుపతి సభ్యులు: సభ్యులందరికీ నమస్కారం. చిన్నప్పటి పాఠంలోని ఒక వాక్యం సగమే గుర్తుండి నన్ను వేధిస్తోంది. ‘పని చేయగల సామర్థ్యమే శక్తి’ అని చదివామా, ‘పని చేయు సామర్థ్యమే శక్తి’ అని చదివామా? పిల్లలకు తిరుమల ఘాట్ రోడ్డు మీద లెక్క ఇస్తూ ఈ ‘గల’ దగ్గర ఆగిపోయాను. పది వేల కిలోల బస్సు సుమారు 700 మీటర్ల ఎత్తు ఎక్కిందనుకుంటే, గురుత్వానికి ఎదురుగా జరిగిన పని దాదాపు 6.86 కోట్ల జౌళ్లు, అంటే కరెంటు బిల్లు లెక్కలో 19 యూనిట్లు. అరగంటలో ఎక్కినా గంటలో ఎక్కినా ఆ పని మారదు, మారేది సామర్థ్యమే, అంటే పని జరిగే రేటు. అరగంటకైతే 38 కిలోవాట్లు, గంటకైతే 19. ఇంత వివరంగా చెప్పిన తరువాత ‘సామర్థ్యమే శక్తి’ అనే నిర్వచనం చదివిస్తే, రెండూ ఒకటేనా అని పిల్లలు అడగకుండా ఎలా ఉంటారు?

తెనాలి సభ్యులు: మాస్టారూ, ‘గల’ ఇక్కడ పునరుక్తి అని నా అభిప్రాయం. ‘చేయడానికి’ అనే అర్థమిచ్చే ‘చేయన్’ అనే తుమున్నర్థకం మీద ‘కల’ చేరి, సరళాదేశంతో, అంటే నకారం తరువాత క, త వంటివి గ, ద వంటివిగా మారడంతో, ‘చేయఁగల’ అయింది. చేయడానికి చాలిన అనే అర్థం అందులోనే ఉన్నది కనుక, దాని పక్కన మళ్ళీ ‘సామర్థ్యం’ పెట్టడం చాలినతనానికి చాలినతనం అన్నట్లే అవుతుంది. ‘పని చేయు సామర్థ్యము’ అంటే సరిపోతుంది. ‘చేయు’ తద్ధర్మార్థకం, అంటే కాలంతో పని లేకుండా స్వభావాన్ని చెప్పేది కాబట్టి బస్సు ఈ క్షణాన కదులుతున్నదా, నిలిచి ఉన్నదా అనే చిక్కు కూడా రాదు.

తిరుపతి సభ్యులు: నిలిచి ఉన్న బస్సు గురించే నా పట్టుదల. కొండమీద బస్టాండులో ఇంజను ఆపి నిలబెట్టిన బస్సు ఏ పనీ చేయడం లేదు, అప్పుడు దాని సామర్థ్యం సున్న. అయినా కింది ఊరితో పోల్చి చూస్తే ఆ 19 యూనిట్ల స్థితిజశక్తి దానిలో ఉండనే ఉంది. ఈ తేడాను మోస్తున్నది ‘గల’ ఒక్కటే. దాన్ని తీసేసి ‘చేయు సామర్థ్యం’ అంటే, పిల్లవాడి చెవికి పని జరిగే రేటే వినిపిస్తుంది.

హోసూరు సభ్యులు: చిక్కు ‘గల’లో లేదని, ‘సామర్థ్యం’లో ఉన్నదని నాకు తోస్తున్నది. మా ఊళ్లో మూడు భాషల పిల్లలు ఒకే వీధిలో చదువుకుంటారు. తమిళ పుస్తకంలో శక్తికి ‘ఆట్రల్’, సామర్థ్యానికి ‘తిఱన్’ అని ఉంటుంది. కన్నడం మన మాటలనే వాడుతుంది. హిందీలో మాత్రం మనం సామర్థ్యం అనేదే ‘శక్తి’, మన శక్తి వారికి ‘ఊర్జా’. ఏడో తరగతి దాకా హిందీలో చదివి తెలుగు మాధ్యమానికి వచ్చిన పిల్లవాడు, బస్సు లెక్కలో రెండింటినీ తారుమారు చేస్తే తప్పు వాడిదని నేననను.

తెనాలి సభ్యులు: ఆ మాటకొస్తే అమరకోశం బలాన్నీ శక్తినీ ఒకే వరుసలో పర్యాయాలుగా చెప్పింది. ‘శక్తి’కి మూలమైన ‘శక్’ ధాతువుకు అర్థం చాలడమే. ఇక ‘సమర్థః పదవిధిః’ అన్న పాణిని సూత్రంలో సామర్థ్యమంటే పదాల మధ్య అర్థసంబంధం, దానికి ఇంజనుతో నిమిత్తం లేదు. బలం, శక్తి, సామర్థ్యం అనే ఒకే అర్థపు మాటలను భౌతికశాస్త్రం మూడు కొలతలకు పంచి ఇచ్చింది. ఆ పంపకాన్ని ఒప్పుకోవచ్చు గాని, నిర్వచనంలో ఒక కొలత పేరుతో మరొక కొలతను వివరించడం మాత్రం సరికాదు.

ఓరుగల్లు సభ్యురాలు: సంస్కృతం దాకా ఎందుకండీ, మా పోతన చేతిలో అచ్చమైన తెలుగు మాట ఉండగా? ‘లావొక్కింతయు లేదు’ అన్నప్పుడు గజేంద్రునికి పోయింది ఏమిటో గమనించండి. ‘ఒక్కింతయు’ అన్నారంటే అది కొలతకు వచ్చేది, నిలవ ఉండి ఖర్చయ్యేది. రేటు కానే కాదు, మాస్టారు చెప్పే శక్తి అదే. ఇప్పుడు లావు అంటే ఒళ్లు అనుకుంటున్నాం కాని, ఆ పద్యంలో అది సత్తువ. తెనాలివారు సరళాదేశం ప్రస్తావించారు గనుక ఇంకొక మాట కూడా చెబుతాను. ‘కరిఁ దిగుచు మకరి సరసికి’ అన్న చోట ‘దిగుచు’ను దిగడంగా చదివేవారు నేటికీ ఉన్నారు. అది ‘కరిన్’ మీద ‘తిగుచు’, లాగడమని అర్థం. అరసున్నను వదిలేస్తే లాగడం కాస్తా దిగడమైపోతుంది, ఘాట్ రోడ్డు మీద ఆ రెండింటికీ ఎంత దూరమో వేరే చెప్పనక్కరలేదు.

కడప సభ్యులు: ‘మా పోతన’ అన్నారు కాబట్టి, పోతన ఊరైన ఏకశిలానగరం మా జిల్లా ఒంటిమిట్టే గాని ఓరుగల్లు కాదని నమ్మేవాళ్లం ఇక్కడ చాలామందిమి ఉన్నామని సవినయంగా మనవి చేస్తున్నాను. బస్సుల మరమ్మతులో జీవితం గడిపినవాడిగా ఆ పద్యం గురించి ఒక మాట చెబుతాను. ఏనుగు గట్టుకూ మొసలి మడుగుకూ లాగుతుండగా ఇద్దరూ అంగుళం కదలని క్షణాన, శాస్త్రం ప్రకారం ఒకదానిమీద ఒకటి చేసిన పని సున్న. అయినా లావు తరుగుతూనే ఉంటుంది. వాలులో ట్రాఫిక్ ఆగినప్పుడు కొందరు డ్రైవర్లు బ్రేకు తొక్కకుండా హాఫ్ క్లచ్ మీద, అంటే క్లచ్‌ను సగమే వదిలి, బండిని నిలబెడతారు. బండి కదలదు కాబట్టి బండి మీద పని జరగదు, కాని డీజిల్ కాలుతుంది, ఇంజను ఇచ్చినదంతా క్లచ్ ప్లేటులో వేడిగా పోతుంది. ఆ ప్లేటును విప్పితే లైనింగు నల్లగా మాడి, గాజులా మెరుస్తూ కనిపిస్తుంది, కాలిన వాసన షెడ్డంతా కమ్ముకుంటుంది. పని లేకుండానే శక్తి ఖర్చయిపోయే ఈ సంగతి ‘పని చేయగల’ అనే నిర్వచనంలో ఎక్కడ ఇముడుతుందో పెద్దలు చెప్పాలి.

ఓరుగల్లు సభ్యురాలు: ఏకశిలానగరం సంగతి వేరే చర్చలో తేల్చుకుందాం. ఆ పద్యంలో మాత్రం అవి కదలకుండా లేవు, ఒకసారి ఇటు, ఒకసారి అటు లాగుతున్నాయి. ‘సరసికి’, ‘దరికిని’ అని రెండు దిక్కులూ కవి చెప్పనే చెప్పాడు. కనుక మీ హాఫ్ క్లచ్ ఉపమానం సగమే చెల్లుతుంది.

తిరుపతి సభ్యులు: కడపవారి ప్రశ్నకు సమాధానం ఉంది. ఇంజను క్లచ్ మీద పని చేసింది, బస్సు మీద చేయలేదు. ‘ఎవరు, దేనిమీద’ అన్నది చెప్పకపోతే నిర్వచనంలో ‘పని’ అన్న మాట కూడా తేలదు. దిగేటప్పుడు ఇది ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. 1974లో వచ్చిన రెండో ఘాట్ రోడ్డు ఇప్పుడు ఎక్కడానికి, 1944 నాటి మొదటిది దిగడానికి. దిగే బస్సు మీద గురుత్వమే పని చేస్తుంది, అయినా వేగం పెరగకూడదు కనుక ఆ 19 యూనిట్లూ ఎక్కడో ఒకచోట ఖర్చు కావాలి. అంతా బ్రేకుల్లోకే పోతే డ్రమ్ములు కాగి పట్టు తప్పుతాయి. ఎక్కిన గేరులోనే దిగమని పాత డ్రైవర్లు చెప్పేది అందుకే, అప్పుడు కొంత ఇంజనే మింగుతుంది. విద్యుత్ బస్సులోనైతే మోటారే జనరేటరుగా మారి కొంత భాగాన్ని బ్యాటరీకి తిరిగి ఇస్తుంది. కొండమీది బస్సుకు ‘పని చేయగల’ గుణం ఉన్నదని అక్కడ బ్యాటరీ మీటరే చూపిస్తుంది. అందుకే ‘గల’ను వదులుకోలేకపోతున్నాను.

తెనాలి సభ్యులు: బ్యాటరీ మీటరును కాదనను. కాని ‘గల’లు రెండున్నాయి, మాస్టారూ. ‘లావుగలవాని కంటెను’ అన్న సుమతి పద్యంలో ‘గల’ కలిగి ఉండటం, ‘చేయఁగల’లో చాలడం. మీ బస్సు దగ్గర ఉన్న 19 యూనిట్లు కలిగి ఉన్నవి, అంటే మొదటి ‘గల’కు చెందినవి. మీరు నిర్వచనంలో నిలబెడుతున్నది రెండోది.

ఓరుగల్లు సభ్యురాలు: రెండింటికీ మూలం ‘కలుగు’ ఒక్కటే అయినప్పుడు, చాలడం కూడా కలిగి ఉండటం నుంచే పుట్టిందని ఎందుకు అనుకోకూడదు? లావు గలవాడే లాగగలడు.

తెనాలి సభ్యులు: అది వ్యుత్పత్తి మాత్రమే. లావు గలిగి కూడా, గేరు తప్పితే బస్సు లాగలేదు. ‘చేయు’ అన్న పాఠం పాత అచ్చులో ఎవరి దగ్గరైనా ఉంటే, ఆ పుట ఫోటో ఇక్కడ పెట్టవలసిందిగా కోరుతున్నాను.