మార్టిన్ తర్వాతి పుస్తకం: హార్డ్‌బౌండ్ మొదటి రోజే కొనాలా, పేపర్‌బ్యాక్ కోసం ఆగాలా?

రాజాం బైండింగ్ షాపు:

అందరికీ నమస్కారం. ఫాంటసీ నవలలు దాచుకునేవాళ్ల సలహా కావాలి. నా దగ్గర జార్జ్ ఆర్.ఆర్. మార్టిన్ 'ఎ సాంగ్ ఆఫ్ ఐస్ అండ్ ఫైర్' మొత్తం పేపర్‌బ్యాక్‌లో ఉంది. మనకు ఎక్కువగా దొరికేది బ్రిటన్ ఎడిషన్. అందులో మూడో పుస్తకాన్నీ ఐదో పుస్తకాన్నీ రెండేసి భాగాలు చేశారు. అందుకే ఆయన రాసినవి ఐదే అయినా నా అరలో ఏడున్నాయి. అన్నీ ఒకే ఎత్తు, ఒకే వరస. ఆరోది, 'ది విండ్స్ ఆఫ్ వింటర్', ఎప్పుడు వచ్చినా ముందు హార్డ్‌బౌండే వస్తుంది. వచ్చిన రోజే కొనేయాలా? వరస చెడకుండా పేపర్‌బ్యాక్ కోసం ఆగాలా?

నాకు రాజాంలో జిరాక్స్, బైండింగ్ షాపు ఉంది. నేను చదివింది తెలుగు మీడియం. ఫైనలియర్ ప్రాజెక్టు రిపోర్టులు బైండింగ్‌కి ఇవ్వడానికి వచ్చిన ఒక ఇంజనీరింగ్ కుర్రాడు, నేను కాలికో (బైండింగ్ గుడ్డ) అతికిస్తున్నంతసేపూ స్టూలు మీద కూర్చుని ఒక లావుపాటి పుస్తకం చదువుతూనే ఉన్నాడు. రిపోర్టులు రెడీ అయ్యాయని చెప్పినా తల ఎత్తలేదు. అంతగా ఏముంది బాబూ అందులో అని అడిగితే, ఊరు వదిలి వెళ్లేటప్పుడు ఆ పుస్తకం నాకే ఇచ్చేసి వెళ్లాడు. అది ఈ సిరీస్‌లో మొదటిది. మొదట్లో పేజీకి నాలుగైదు సార్లు డిక్షనరీ తీసేవాణ్ణి. మంచుగోడ మీద కాపలా కాసేవాళ్ల భాగాలకు వచ్చేసరికి డిక్షనరీ సంగతే మర్చిపోయాను.

అప్పటి నుంచి ఏడాదికి ఒకటో రెండో కొంటూ వచ్చాను, అన్నీ ఒరిజినలే. రోడ్డు పక్క దొరికే పైరసీ కాపీలో ముందుగా పాడయ్యేది మ్యాపు. నదులన్నీ కలిసిపోయి నల్లటి మరకలా కనిపిస్తాయి, ఊళ్ల పేర్లు చదవలేం. ఈ కథలో ఎవరు ఎటు వెళ్తున్నారో మ్యాపు చూడకుండా అర్థం చేసుకోవడం కష్టం. మొత్తం పుస్తకం జిరాక్స్ తీసిపెట్టమని షాపుకి వచ్చేవాళ్లుంటారు. నేను తీయను. రాసినాయనకు మనం ఇవ్వగలిగింది ఆ డబ్బులే కదా.

ఇంకో రెండు సంగతులు. ఆరో పుస్తకంలోని కొన్ని అధ్యాయాలను ఆయన ముందుగానే తన సైట్‌లో పెట్టారు. నేను ఇంతవరకు చదవలేదు. చదివినవాళ్లు చెప్పండి, చదవొచ్చా? ఇంకోటి, ఈలోపు పాట్రిక్ రాత్‌ఫస్ సిరీస్ మొదలుపెడదామనుకుంటున్నాను. అది కూడా పూర్తి కాలేదంటున్నారు. మొదలుపెట్టమంటారా?

ఏడు రోడ్ల జంక్షన్:

అన్నా, శ్రీకాకుళంలో ఈ పుస్తకాలు దాచుకునేది నేనొక్కదాన్నే అనుకున్నాను. చాలా సంతోషంగా ఉంది.

ఎడిషన్ సంగతి నాకు బాగా గుర్తుంది. ఐదోది 'ఎ డాన్స్ విత్ డ్రాగన్స్' 2011 జూలైలో హార్డ్‌బౌండ్‌గా వచ్చింది, మన వరసకు సరిపోయే పేపర్‌బ్యాక్ రెండు భాగాలు 2012లో వచ్చాయి. ఈసారీ దాదాపు అంతే ఆగాలి అనుకోండి. ఆగగలరా? అప్పుడు ఈ కథతో తీసిన టీవీ సిరీస్ 'గేమ్ ఆఫ్ థ్రోన్స్' ఇంకా మొదటి ఏడాదిలోనే ఉంది, ఇంతమంది చదివేవాళ్లు లేరు. ఇప్పుడైతే పుస్తకం వచ్చిన మొదటి వారంలోనే, ఎవరు చచ్చిపోయారో ఎవరు బతికారో మనం వద్దన్నా ఫోన్లో కనిపిస్తుంది. 2019లో టీవీలో ముగింపు చూసి ఎంత బాధపడ్డామో మీకు తెలుసు. ఈసారి ఆయన రాసిన మాటల్లోనే, ఆయన పెట్టిన వరసలోనే తెలియాలి. అందుకే నేను హార్డ్‌బౌండ్ మొదటి రోజే. వరస కోసం పేపర్‌బ్యాక్ తర్వాత ఎలాగూ కొంటాను. ఇంట్లో ఏమన్నా అననీ.

సైట్‌లో పెట్టిన అధ్యాయాలు నేను చదివాను. చాలా బాగున్నాయి, మీరు మాత్రం చదవకండి. కథ ఎక్కడో మధ్యలో తెగిపోతుంది, ఆ తర్వాత నిద్ర పట్టదు.

నాదీ ఒక ప్రశ్న. మూడో పుస్తకం రెండో భాగం, ఆ పెళ్లి ఉన్న భాగమే, మధ్యలో విరిగిపోయి పేజీలు ఊడి వచ్చేస్తున్నాయి. మళ్లీ మళ్లీ చదివింది అదే మరి. బాగు చేయొచ్చా? కొత్తది కొనడానికి మనసు ఒప్పుకోవడం లేదు, మార్జిన్లో నేను రాసుకున్నవన్నీ అందులోనే ఉన్నాయి.

టెక్కలి టు హైదరాబాద్:

బ్రదర్, రాత్‌ఫస్ మొదలుపెట్టొద్దు. మొదటిది 2007లో, రెండోది 2011లో వచ్చాయి. కథ మూడు రోజుల్లో చెబుతానని హీరో అంటాడు, రోజుకో పుస్తకం. మూడో రోజు ఇంకా తెల్లారలేదు. భాష అద్భుతం, కాదనను. అందుకే బాధ ఎక్కువ.

నా నియమం ఒకటే: చివరి పుస్తకం చేతికొచ్చాకే మొదటిది తెరవాలి. రాబర్ట్ జోర్డాన్ 'వీల్ ఆఫ్ టైమ్' తీసుకోండి. 1990లో మొదలైంది. ఆయన 2007లో చనిపోయారు. భార్య హ్యారియెట్ మెక్‌డూగల్ ఆయనకు ఎడిటర్ కూడా. ఆవిడే బ్రాండన్ శాండర్సన్‌ని పిలిచి, భర్త రాసిపెట్టిన నోట్స్ చేతికిచ్చి పూర్తి చేయించారు. 2013లో పద్నాలుగో పుస్తకంతో ముగిసింది. ఆ చివరి పుస్తకం చదువుతుంటే, ఇద్దరు మనుషులు ఒక మాట నిలబెట్టుకోవడం కళ్లముందు కనిపిస్తుంది.

లేదా శాండర్సన్ సొంత సిరీస్ 'స్టార్మ్‌లైట్' చదవండి. పది పుస్తకాల ప్లాన్, అందులో మొదటి ఐదు ఒక కథ. ఐదోది 2024 డిసెంబర్‌లో వచ్చేసింది. ఏ పుస్తకం ఎంత శాతం అయిందో ఆయన తన సైట్‌లో చూపిస్తూ ఉంటారు. పాఠకుడికి అదొక గౌరవం అనిపిస్తుంది నాకు. మార్టిన్ దగ్గర ఆ లెక్క లేదు. ఆయన పుట్టింది 1948లో. నాకు భయంగా ఉంది బ్రదర్, అందుకే ఇలా రాస్తున్నాను. ఈ సిరీస్ అంటే నాకూ అంతే ఇష్టం.

మూడు లాంతర్ల దగ్గర:

బాబూ, నాకు డెబ్బై దాటాయి, విజయనగరం. మీరు చెప్పిన ఇంగ్లీషు పుస్తకాల్లో మొదటిది మాత్రమే చదివాను, మా మనవరాలు ఇచ్చింది. అయితే తర్వాతి భాగం కోసం ఎదురుచూడటం గురించి నాకు కొంత తెలుసు.

చందమామలో దాసరి సుబ్రహ్మణ్యం గారి సీరియల్స్ వచ్చేవి. 'తోకచుక్క' 1954లో మొదలైంది. 'పాతాళదుర్గం', 'రాకాసిలోయ' ఆ తర్వాతివి. మాంత్రికులు, నరవానరాలు, శిథిల నగరాలు, చిత్రా గారి బొమ్మలు. నెలకు ఒక్క భాగమే. హీరో కొండచరియ మీద నుంచి జారుతుండగా ఆపేసేవారు, అక్కడ నుంచి నెల రోజులు. మా వీధిలో ఒక్క కాపీ వచ్చేది. అది మా ఇంటికి చేరేదాకా, ఏం జరిగి ఉంటుందో మేమే కథ అల్లుకునేవాళ్లం. మా అన్నయ్య చెప్పే కథలో హీరోని ఎప్పుడూ గద్ద వచ్చి ఎత్తుకుపోయేది. అసలు కథ వేరేగా ఉండేది, అయినా ఆ గద్ద కూడా నాకు ఇప్పటికీ గుర్తే.

విచిత్రం ఏమిటంటే సీరియల్ మీద ఆయన పేరు ఉండేది కాదు. ఎవరు రాస్తున్నారో తెలియకుండానే అన్నేళ్లు ఎదురుచూశాం. మీకు రాసేవారి పేరు తెలుసు, ముఖం తెలుసు, ఆయన ఏమంటున్నారో ఎప్పటికప్పుడు తెలుస్తుంది. అదృష్టవంతులు.

నేను సీరియల్ పేజీలు విడదీసి, అయిపోయాక గంటస్తంభం వైపు ఒకాయన దగ్గర బైండు చేయించేవాణ్ణి. చిన్న కుట్టు, గోధుమరంగు అట్ట. రెండు ఇంకా ఉన్నాయి. హుద్‌హుద్ అప్పుడు గదిలోకి నీళ్లు కొడితే తడిశాయి, అయినా ఒక్క పేజీ ఊడలేదు. టెక్కలి బాబూ, నీ మాట కాదనలేను గానీ, పూర్తయ్యాకే చదువుతానని మేం కూర్చుని ఉంటే ఆ గద్ద మాకు దొరికేది కాదు.

రాజాం బైండింగ్ షాపు:

పెద్దాయనా, మీ మాట రెండుసార్లు చదివాను. ఆ రెండు బైండ్లూ ఒక్కసారి చూడాలని ఉంది. పేజీలను మడతల కట్టలుగా కుట్టే అప్పటి సెక్షన్ కుట్టు చేసేవాళ్లు ఇప్పుడు మా వైపు చాలా తగ్గిపోయారు.

టెక్కలి బ్రదర్, మీ భయం నాకూ ఉంది. 2005లో నాలుగో పుస్తకం చివర మార్టిన్ ఒక మాట రాశారు. కథ పెద్దదైపోయింది కాబట్టి సగం పాత్రల్ని తర్వాతి పుస్తకంలోకి మార్చానని, అది మరుసటి ఏడాదే రావాలని ఆశిస్తున్నానని. వచ్చింది 2011లో. నేను ఆ పేజీ చదివేసరికే ఐదోది బజార్లో ఉంది, అయినా మనసు చివుక్కుమంది. తర్వాత ఐదోది తెరిస్తే, ఆరేళ్లూ ఎక్కడికి పోయాయో కనిపించింది. అన్ని దారుల్లో వెళ్తున్న అంతమందిని ఒక ఊరి గేటు దగ్గరికి చేర్చడం మామూలు పని కాదు. రాసేవాళ్లలో ఆర్కిటెక్టులుంటారు, తోటమాలులుంటారు, నేను తోటమాలిని అని ఆయనే చెప్పారు. ముందే ప్లాన్ గీసుకునే మనిషికి ఎంత శాతం అయిందో తెలుస్తుంది. విత్తనం వేసి ఏం వస్తుందో చూసే మనిషికి ఎలా తెలుస్తుంది? శాండర్సన్‌ని మెచ్చుకుంటాను, 'స్టార్మ్‌లైట్' తప్పకుండా కొంటాను. కానీ నన్ను స్టూలు మీద కూర్చోబెట్టింది ఈ తోటే. ఆయన పూర్తి చేయలేకపోయినా ఈ ఏడు పుస్తకాలూ నా దగ్గర ఉంటాయి, అందులో చదివిందేదీ వెనక్కి పోదు. రాత్‌ఫస్ మొదటిది కూడా అందుకే తెప్పించుకుంటున్నాను. భాష అద్భుతం అని మీరే అన్నారుగా.

హార్డ్‌బౌండ్ సంగతి తేల్చేశాను, మొదటి రోజే. ఈ విషయంలో చెల్లెమ్మ చెప్పిందే కరెక్టు. కొనేవాళ్లకు నా వైపు నుంచి ఒక మాట: హార్డ్‌బౌండ్ అన్నంత మాత్రాన కుట్టు ఉంటుందని కాదు. పుస్తకం నిలబెట్టి పై నుంచి వెన్ను దగ్గర చూడండి. పేజీలు చిన్న చిన్న మడతల కట్టలుగా కనిపిస్తే కుట్టు. అంతా ఒకే పలకలా ఉంటే గమ్మే, తెరిచేటప్పుడు జాగ్రత్తగా ఉండాలి. అలాంటి లావు పుస్తకాన్ని కొత్తలో సరాసరి మధ్యకు తెరవకూడదు. వెన్ను బల్లకు ఆనించి నిలబెట్టి, ముందు అట్ట ఒక్కటీ వాల్చాలి, తర్వాత వెనకట్ట. ఆ తర్వాత ముందు నుంచి ఓ ఇరవై పేజీలు, వెనక నుంచి ఓ ఇరవై, వాల్చిన ప్రతిసారీ వేలితో లోపలి అంచు మెల్లగా నొక్కుతూ మధ్యదాకా రావాలి. పది నిమిషాల పని. గమ్ అంతటా సమానంగా వంగుతుంది, వెన్ను విరగదు.

వానాకాలంలో బీరువాలో గోడవైపు పుస్తకాలు ఆనించకండి, చెమ్మ అక్కడి నుంచే ఎక్కుతుంది. తడిస్తే ఎండలో పెట్టొద్దు, అట్టలు వంకర పోతాయి. నిలబెట్టి, పేజీలు కొంచెం విచ్చేలా ఉంచి ఫ్యాను గాలికి ఆరనివ్వండి. కలరా ఉండలు పెడితే బీరువాలోనే, పడుకునే గదిలో వద్దు.

ఏడు రోడ్ల జంక్షన్:

అన్నా, నా పుస్తకం సంగతి చెప్పలేదు!

రాజాం బైండింగ్ షాపు:

సారీ అమ్మా, తోట గురించి రాస్తూ మర్చిపోయాను. బాగవుతుంది. సెల్లోటేపు మాత్రం వేయకండి, కొన్నాళ్లకు పసుపెక్కి కాగితాన్ని తినేస్తుంది. ఊడిన పేజీలు నంబరు వరసలో పెట్టి, అట్టతో సహా కాగితంలో చుట్టి తీసుకురండి, రబ్బరు బ్యాండు వేస్తే అంచులు కోసుకుపోతాయి. పాత గమ్ గీకేసి, వెన్నుకి అడ్డంగా సన్నగా కోతలు పెట్టి, దారం వేసి మళ్లీ అతికిస్తాను. మార్జిన్లు కత్తిరించను, మీ రాతలు అలాగే ఉంటాయి. అదే అట్ట తిరిగి వేస్తాను కాబట్టి వరసలో ఎత్తు కూడా మారదు. రెండు రోజులు బరువు కింద ఉంచాలి, ఆదివారం షాపు ఉండదు.