బ్రేక్ ప్యాడ్లు, డిస్కులు సొంతంగా మార్చుకోవాలని ఉంది, ఎక్కడ జాగ్రత్తగా ఉండాలి?

ప్రశ్న:
అందరికీ నమస్తే. నాది రెండు తలుపుల స్పోర్ట్ మోడల్ కారు, నాలుగు చక్రాలకూ డిస్క్ బ్రేకులే. గంటకు 90, 100 కిలోమీటర్ల వేగంలో బ్రేక్ వేస్తే స్టీరింగ్ వణుకుతోంది, పెడల్ కూడా పాదం కింద కొట్టుకుంటోంది. ముందు చక్రం విప్పి చూస్తే లోపలి ప్యాడ్ 3 మిల్లీమీటర్లే మిగిలింది, బయటిది మాత్రం బాగానే ఉంది. డిస్క్ అంచున వేలికి తగిలేంత గట్టు కట్టింది. ఆయిల్, ఫిల్టర్లు నేనే మార్చుకుంటాను, జాకీ, స్టాండ్లు, టార్క్ రెంచ్ ఉన్నాయి. బ్రేకుల జోలికి ఎప్పుడూ వెళ్ళలేదు కాబట్టి కొంచెం టెన్షన్‌గా ఉంది. నేను చేసుకోగలనా? బ్లీడింగ్, అంటే బ్రేక్ గొట్టాల్లోంచి గాలి తీసేయడం, తప్పనిసరా? చిల్లులున్న డిస్కులు వేస్తే మంచిదంటున్నారు, నిజమేనా?

జవాబు:
చేసుకోవచ్చు అన్నా. విప్పడం, బిగించడం పెద్ద పని కాదు, అసలు పని శుభ్రం చేయడంలో ఉంది, దానికి ఓపిక పట్టండి.

ముందు ఆ లోపలి ప్యాడ్ సంగతి చూడాలి. బ్రేక్ వేస్తే పిస్టన్ లోపలి ప్యాడ్‌ని నొక్కుతుంది, వెంటనే కాలిపర్ (పిస్టన్‌ని, ప్యాడ్లని పట్టి ఉంచే భాగం) తన పిన్నుల మీద జరిగి బయటి ప్యాడ్‌ని లాక్కుంటుంది. పిన్నులు పట్టేస్తే కాలిపర్ జరగదు, భారమంతా లోపలి దాని మీదే పడుతుంది. మీ కారులో నాకు మొదటి అనుమానం అక్కడే. పిన్నులు బయటికి లాగి, పాత గ్రీజు పూర్తిగా తుడిచి, బ్రేకుల కోసం అమ్మే సిలికాన్ గ్రీజు పల్చగా రాయండి, మామూలు గ్రీజు వేస్తే రబ్బరు ఉబ్బి మళ్ళీ పట్టేస్తుంది. పిస్టన్ కూడా వెనక్కి సాఫీగా వెళ్తోందో లేదో చూడండి. ఇదేమీ చూడకుండా కొత్త ప్యాడ్లు వేస్తే అవీ అలాగే అరుగుతాయి.

ఇక వణుకు. డిస్క్ వంగిపోయిందని చాలామంది అంటారు గానీ చాలాసార్లు జరిగేది వేరు. హబ్ (డిస్క్, చక్రం బిగించే మధ్య భాగం) ముఖం మీద తుప్పు పొర ఉంటే డిస్క్ వెంట్రుకవాసి ఒరిగి కూర్చుంటుంది, ప్రతి చుట్టులోనూ ఒకేచోట ప్యాడ్‌కి రాసుకుంటుంది, కొన్ని వేల కిలోమీటర్లు తిరిగేసరికి డిస్క్ మందం ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ అవుతుంది, పెడల్‌కి తగిలేది ఆ తేడానే. డిస్క్ అంచు దగ్గర ఒరుగు 0.05 మిల్లీమీటర్లు దాటినా ముందు ముందు ఇబ్బందే. అందుకే పాత డిస్క్ తీశాక హబ్‌ని వైర్ బ్రష్‌తో, ఎమరీ పేపర్‌తో లోహం మెరిసేదాకా రుద్దండి, బోల్టుల చుట్టూ ఉన్న మూలలు వదలొద్దు. నా దృష్టిలో ఈ పని మొత్తంలో ఎక్కువ సమయం పెట్టాల్సింది ఇక్కడే.

కారు చదునైన గట్టి నేల మీదే ఉండాలి, వెనక చక్రాలకు అడ్డు పెట్టాలి, వీల్ నట్లు ఎత్తకముందే కాస్త వదులు చేయాలి, స్టాండ్లు లేకుండా జాకీ ఒక్కదాన్నే నమ్మి చేయి పెట్టొద్దు. కాలిపర్ విప్పాక దాని బ్రేక్ ఫ్లూయిడ్ గొట్టానికి వేలాడనీయకండి, తీగతో స్ప్రింగ్‌కి కట్టండి. డిస్క్ పట్టుకుని రాకపోతే సుత్తితో ముందు ముఖం మీద బాదే బదులు, దాని మీద మరలున్న రెండు రంధ్రాలుంటే వాటిలో బోల్టులు వేసి సమంగా బిగిస్తూ పోండి, అదే ఊడి వస్తుంది. కొత్త డిస్క్ మీద తుప్పు పట్టకుండా నూనె పూసి ఉంటుంది, బ్రేక్ క్లీనర్‌తో రెండు వైపులా తుడిచాకే ఎక్కించండి. బ్రేక్ పొడిని గాలితో ఊదొద్దు, మాస్క్ పెట్టుకోండి.

గొట్టం విప్పకపోతే బ్లీడింగ్ అక్కర్లేదు. పిస్టన్ వెనక్కి నొక్కేటప్పుడు పైన డబ్బాలో ఫ్లూయిడ్ మట్టం పెరుగుతుంది, పొంగితే పెయింట్ పాడవుతుంది కాబట్టి చూసుకుంటూ నొక్కండి. కానీ ఫ్లూయిడ్ మార్చి రెండేళ్ళు దాటితే ఈ చేత్తోనే మార్చేయండి. డాట్ 4 రకం బ్రేక్ ఫ్లూయిడ్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగదు, తేమ పీల్చుకున్నాక అది 155 దగ్గరికి రావచ్చు. వేగంగా నడిపే కారుకి ఆ తేడా చాలా ఎక్కువ.

అన్నిటికంటే ముఖ్యం: అంతా బిగించాక కారు కదిలించకముందే పెడల్ గట్టిపడేదాకా నొక్కుతూ ఉండండి. పిస్టన్లు వెనక్కి వెళ్ళి ఉంటాయి కదా, మొదటిసారి పెడల్ నేలకి ఆనుతుంది. ఇది మరిచిపోయి రివర్స్ గేర్ వేస్తే కారు ఆగదు.

ఇంకొకరి జవాబు:
పై జవాబులో డిస్కుల ఎంపిక రాలేదు కాబట్టి అది చెబుతాను. రోడ్డు మీద నడపడానికి మామూలు, మంచి నాణ్యత గల డిస్కులే చాలు. చిల్లులున్నవి చూడటానికి బాగుంటాయి, కానీ బాగా వేడెక్కించే వాడకంలో ఆ చిల్లుల దగ్గరే పగుళ్ళు మొదలవుతాయి. రేస్ ప్యాడ్లు కూడా వద్దు, చల్లగా ఉన్నప్పుడు సరిగా పట్టవు, కీచుమంటాయి.

మీ డిస్కుల్లో రెండు పలకల మధ్య గాలి కోసం ఉండే రెక్కలు వంపు తిరిగి ఉంటే ఎడమ, కుడి వేరువేరు. కారు ముందుకు పోతుంటే ఆ రెక్కలు అంచు వైపు వెళ్ళేకొద్దీ వెనక్కి వాలినట్టుండాలి, అప్పుడే మధ్యలోంచి గాలి లాగి బయటికి తోస్తాయి. పైన కనిపించే గాట్లు చూసి నిర్ణయించొద్దు, రెక్కలే చూడండి. ఎప్పుడు మార్చినా ఒక ఇరుసుకి రెండు వైపులా కలిపే మార్చాలి.

అడిగినవారు:
చాలా థాంక్స్. ముందు రెండూ అయిపోయాయి, మీరన్నట్టే ఒక పిన్ను తుప్పుతో పట్టేసి ఉంది, కొత్తది వేశాను. ఇప్పుడు వెనక చక్రం దగ్గర ఆగాను. సీ క్లాంప్‌తో నొక్కితే పిస్టన్ కదలడం లేదు, బలం పెట్టకుండా వదిలేశాను. హ్యాండ్ బ్రేక్ లివర్ రకం.

జవాబు:
వదిలేసి మంచి పని చేశారు. హ్యాండ్ బ్రేక్ కేబుల్ ఆ కాలిపర్‌కే వస్తుంటే పిస్టన్ నొక్కితే పోదు, తిప్పుతూ నొక్కాలి. లివర్ పూర్తిగా దించండి, పిస్టన్ ముఖం మీద గాట్లు కనిపిస్తాయి, వాటికి సరిపోయే టూల్ పెట్టి తిప్పండి. ఎక్కువ కార్లలో కుడివైపుకి, కొన్నిటిలో ఒక పక్కది ఎదురు తిరుగుతుంది, మాన్యువల్ చూడండి. చివర్లో ప్యాడ్ వెనకున్న చిన్న బొడిపె ఆ గాటులో కూర్చునేలా ఆపాలి. ఎలక్ట్రానిక్ హ్యాండ్ బ్రేక్ ఉన్నవాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే, ముందు సర్వీస్ మోడ్‌లో పెట్టండి, బలవంతం చేస్తే లోపలి మోటార్ పోతుంది.

అడిగినవారు:
తిరిగింది! పెడల్ కూడా గట్టిపడింది. ఇంక బయటికి తీసి మామూలుగా నడపొచ్చా?

జవాబు:
అప్పుడే కాదు, ముందు కొత్త ప్యాడ్లు డిస్కులకి కుదురుకోవాలి. దానికి ప్యాడ్ల పెట్టె మీద కంపెనీ పద్ధతి రాసి ఉంటే అదే చేయండి. లేకపోతే ముందు నెమ్మదిగా నడుపుతూ బ్రేకులు పడుతున్నాయో లేదో చూసుకుని, ఖాళీ రోడ్డు మీద గంటకు 80 నుంచి 20 వరకు, ఏబీఎస్ (చక్రాలు బిగుసుకుపోకుండా చూసే వ్యవస్థ) పనిచేయనంత బలంతో ఎనిమిది, పదిసార్లు తగ్గించండి. మధ్యలో కారు పూర్తిగా ఆపొద్దు, వేడి ప్యాడ్ ఒకేచోట ఆగితే దాని పదార్థం డిస్క్‌కి అంటుకుని మళ్ళీ వణుకు వస్తుంది. కాస్త కాలిన వాసన వస్తుంది, భయపడకండి. తర్వాత బ్రేక్ వీలైనంత తక్కువగా వాడుతూ కొంత దూరం నడిపి చల్లారనివ్వండి. ఒక వంద కిలోమీటర్ల లోపు వీల్ నట్లు టార్క్ రెంచ్‌తో మరోసారి చూడండి, ఫ్లూయిడ్ మట్టం కూడా.